పిల్లాడు బడికెళ్తున్నాడు, ఇక నేను కూడా: పార్ట్‌టైమ్‌గా చదివి బయోటెక్‌లోకి వెళ్లినవాళ్లున్నారా?

మోరిస్‌విల్_అమ్మ: నాది 2011 బీఎస్సీ కెమిస్ట్రీ. హైదరాబాద్‌లో మూడేళ్లు క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో చేశా, అంతా హెచ్‌పీఎల్‌సీ ముందే, అదే, పదార్థాల్ని విడదీసి కొలిచే మెషిన్. ఇప్పుడు నార్త్ కరోలినాలో హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నా. చుట్టూ బయోటెక్ కంపెనీలే. సాయంత్రాలు చదువుకుని అటు మారాలని ఉంది. ఎక్కడ మొదలెట్టాలి?

పాత_పిప్పెట్: హెచ్4 మీద పార్ట్‌టైమ్ చదువుకి అడ్డేం లేదండీ. ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారితే ఫుల్‌టైమ్ చదవాల్సిందే, కాకపోతే ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పనిచేసుకునే అనుమతి) దొరుకుతుంది. ముందు ఇది చెప్పండి: మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయిందా? లేకపోతే హెచ్4 మీద ఈఏడీ, అంటే పనిచేసే పర్మిట్, రావడం కష్టం, డిగ్రీ పట్టుకుని ఇంట్లో కూర్చోవాలి. నేను ఆ లెక్క చూసుకోకుండానే రెండు సెమిస్టర్ల ఫీజు కట్టేశా.

మోరిస్‌విల్_అమ్మ: అయిందండీ. ఈఏడీ చేతిలోనే ఉంది.

క్యారీ_అక్క: అయితే మాస్టర్స్‌కి పరిగెత్తకు చెల్లీ. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో బయోవర్క్ అని చిన్న కోర్సుంది. గౌనింగ్ (శుభ్రమైన గదుల్లోకి వెళ్లే దుస్తులు వేసుకునే పద్ధతి), ఎసెప్టిక్ టెక్నిక్ (క్రిములు చేరకుండా పనిచేయడం), బ్యాచ్ రికార్డు (ఒక్కో విడత తయారీ వివరాలు) రాయడం నేర్పుతారు. బీఫార్మసీ చదివి ఇదేం సర్టిఫికెట్టని మొదట్లో నాకు నామోషీ. కానీ ప్లాంటులో టెక్నీషియన్‌గా తీసుకున్నది దాన్ని చూసే. 12 గంటల షిఫ్టులు, శనాదివారాలు కూడా పడతాయి, ఇంట్లో ముందే మాట్లాడుకో. ఇప్పుడు నా మాస్టర్స్ ఫీజు కంపెనీయే కడుతోంది. ఏడాదికి 5,250 డాలర్ల దాకా దానిమీద పన్ను కూడా ఉండదు.

బాల్టిమోర్_బాబాయ్: నేను జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎంఎస్ బయోటెక్నాలజీ ఉద్యోగం చేస్తూనే చదివా. 10 కోర్సులు, టర్ముకొకటి. అన్నీ ఆన్‌లైన్‌వే ఎంచుకోవడం నా పొరపాటు. ఇంటర్వ్యూలో "సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలు పెంచడం) నీ చేత్తో చేశావా?" అంటే నోట మాట రాలేదు. ఇంకోటమ్మా, మన మూడేళ్ల బీఎస్సీని చాలా యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూడవు. అప్లికేషన్ ఫీజు కట్టకముందే అడుగు. ట్రాన్‌స్క్రిప్ట్‌లకి (మన యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలు) ఇప్పుడే కదులు. నావి సీల్డ్ కవర్లో వచ్చేసరికి నాలుగు నెలలు.

పాత_పిప్పెట్: ఆ హెచ్‌పీఎల్‌సీని తక్కువ చేసుకోకండి. యాంటీబాడీ మందుల్లో ప్రొటీన్ ఎంత ముద్దకట్టిందో ఎక్కువగా చూసేది అదే మెషిన్‌లో సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ (అణువుల్ని సైజుని బట్టి విడదీసే గొట్టం) పెట్టే. మెషిన్ మీకు తెలిసిందే, కాలమ్ వేరు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఎలీసా (యాంటీబాడీలతో ప్రొటీన్‌ని పట్టి కొలిచే పరీక్ష), సెల్ మీద చేసే పరీక్షలు. టెక్నీషియన్ పోస్టులతోపాటు బయోలాజిక్స్ (జీవకణాలతో తయారయ్యే మందులు) క్యూసీకి కూడా అప్లై చేస్తూ ఉండండి.

మోరిస్‌విల్_అమ్మ: అక్కా, బయోవర్క్‌కి పేరిచ్చేశా. ట్రాన్‌స్క్రిప్ట్‌ల కోసం నాన్నకి ఫోన్ చేస్తే, "పెళ్లయి పదేళ్లయింది, ఇప్పుడు ఏ కౌంటర్ దగ్గర నిలబడమంటావే?" అంటున్నారు.