సమస్యాపూరణం: ఎండినట్టి పెన్న నిండి పాఱె

పినాకిని (నిర్వాహకుడు):
ఈ వారం సమస్య ఇదిగో. ఇదే చివరి పాదంగా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఛందస్సు ఆటవెలది.

ఎండినట్టి పెన్న నిండి పాఱె

జొన్నవాడ రేవు దగ్గర కనుచూపు మేర ఇసుక తప్ప ఏమీ కనబడని రోజున నోటికొచ్చిన పాదం. షరతులు రెండు. పూరణలో వాన కురవకూడదు. సోమశిల డ్యాము గేట్లు ఎత్తకూడదు. మిగతాది మీ ఇష్టం.

పాత కావలి:
ఇందులో సమస్య ఏముంది స్వామీ? ఎండిన ఏరు పారడం అసంభవమేమీ కాదు. 2021 నవంబరు అప్పుడే మర్చిపోయామా? ఎగువన చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఇక్కడ పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే తెగిపోయింది. పెన్న నిండి పారడమంటే ఏమిటో ఆ వారం ఊరంతా చూసింది.

పినాకిని:
అందుకే అన్నా ఆ షరతులు. వరదను వర్ణించడం తేలిక. చుక్క వాన లేకుండా పారించి చూపించండి.

మైపాడు అల:
నేను ముగ్గురు నలుగురి ప్రయత్నాలు విడిగా చూశాను. అందరూ అమ్మ కళ్ళలోనో నాన్న కళ్ళలోనో నీళ్ళు తెప్పించి, అదే పెన్న అంటున్నారు. కన్నీటికి ఏటితో పోలిక ఎన్ని వందల ఏళ్ళుగా నడుస్తోందో! మూడో షరతు పెట్టండి నిర్వాహకా, కన్నీళ్ళు కూడా వద్దు.

పినాకిని:
పెట్టాను. మూడో షరతు: కన్నీళ్ళు నిషేధం.

కందుకూరి కోడలు:
నా పూరణ.

అన్ని మఱచినట్టి యమ్మతో నొకసారి
యూరి రేవు చెప్ప నులికి లేచి
కోక చెంగు దోపి కుండ యేదనె నమ్మ!
యెండినట్టి పెన్న నిండి పాఱె

మా అమ్మ పుట్టిల్లు సంగం పక్కన. ఇప్పుడు ఆమెకు నా పేరు కూడా గుర్తుండదు. రేవు మాట ఎత్తితే మాత్రం చెంగు నడుముకు దోపుకుంటుంది.

మైపాడు అల:
అక్కా, షరతులు మూడూ నిలబెట్టారు. నీటి బొట్టు లేకుండా ఏరు పారింది. "కుండ యేదనె" దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఒక్క మాటలో ఆవిడ వయసు డెబ్బై ఏళ్ళు వెనక్కి పోయింది. "అన్ని మఱచినట్టి" అని మొదలుపెట్టి, మరవనిది ఒకటుందని మీరెక్కడా చెప్పలేదు. చెప్పకపోవడమే బాగుంది.

పాత కావలి:
బాగుంది తల్లీ. ఒక్క మాట. నాలుగు పాదాల్లో అమ్మ రెండుసార్లు వచ్చింది. మూడో పాదం చివర గణం (ఛందస్సు అడిగే అక్షరాల కొలత) నింపడానికి వచ్చినట్టుంది. "కుండ యేదని నవ్వె" అంటే సరిపోతుంది. తర్వాత "నెండినట్టి" అని కలుస్తుంది కూడా.

కందుకూరి కోడలు:
గణం సరిపోతుంది మాస్టారూ. కానీ ఆమె నవ్వలేదు. నిజంగానే అడిగింది. పొద్దుపోతోంది, నీళ్ళకు పోవాలి అన్న తొందర ఆ గొంతులో ఉంది. నవ్వితే అది ముసలితనం చేసే ముచ్చట అయిపోతుంది. అమ్మ రెండుసార్లే ఉండనివ్వండి.

కనిగిరి కొండ:
నేను అక్క పక్షం. రెండో అమ్మ పిలుపు. మొదటి అమ్మ మంచంలో ఉన్న మనిషి, రెండో అమ్మ లేచిన మనిషి.

పాత కావలి:
సరే, నాది కూడా చూడండి. హైదరాబాదులో ఉంటున్నాను. తమ్ముడు ఏటా ఒక బస్తా మొలకొలుకులు పంపిస్తాడు. ఎసట్లో బియ్యం పడగానే ఇల్లంతా ఊరి వాసన.

ఉడుకు నన్నమందు నూరి వాసన దాక
మధుర జ్ఞాపకాలు మదిని దూఱె
నేడు కనులు మూయ నెల్లూరు కనిపించె
నెండినట్టి పెన్న నిండి పాఱె

గుండ్లకమ్మ గట్టు:
మొదటి పాదం అద్భుతం. "ఉడుకు నన్నము" అనడంలో ఆవిరి కనబడుతోంది, ఆ నుగాగమం (రెండు మాటల మధ్య చేరిన న) వేసిన చెయ్యి తేలికైనది కాదు. "నేడు" నుంచి "నెల్లూరు"కు యతి (పాదం మొదటి అక్షరంతో మధ్య అక్షరం కలవడం) కూడా హాయిగా పడింది. కానీ రెండో పాదం మొదటి గణం ఏమిటి కావలి అన్నా? "మధుర జ్ఞాపకాలు" సమాసం. జ్ఞ ముందున్న ర గురువు, అంటే రెండు మాత్రలు. అక్కడ ఉండాల్సిన సూర్యగణం లేదు.

పాత కావలి:
"మధుర" ఆగి, "జ్ఞాపకాలు" విడిగా చదవండి. వేరు పదమైతే సంయుక్తాక్షరం ముందున్నది లఘువే, ఒక్క మాత్రే.

గుండ్లకమ్మ గట్టు:
తెలుగు మాట తర్వాత వస్తే విడిగా చదువుతాం. "పాత జ్ఞాపకాలు" అనండి, నేను నోరెత్తను. మధుర అన్నది సంస్కృత విశేషణం. "మైన" లేకుండా జ్ఞాపకాల పక్కన నిలబడాలంటే సమాసం కాక తప్పదు. కిందటి నెల ఇదే గడప మీద నిలబడి నా ఱకారం పట్టుకున్నది తమరే కదా.

మైపాడు అల:
వచ్చేసింది, ఉలవపాడు మామిడి చెట్టు మళ్ళీ వచ్చేసింది.

కనిగిరి కొండ:
కొత్తవాళ్ళ కోసం చెబుతాను. అప్పటి సమస్య "ముసలితనము వచ్చె ముద్దుగాను". గట్టు అన్న పూరణ మొదటి రెండు పాదాలు ఇవి.

ఉలవపాడు తోట నున్న మామిడి చెట్టు
నూఱు కాయ లీక యూరకున్న

"నూఱు"కు "ఊర"కు ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసే యతి) వేశాడు. ఒకటి బండి ఱ, ఇంకొకటి మామూలు ర. ప్రాస కుదరదని కావలి మాస్టారు పట్టుపట్టారు. కాయలు తగ్గిన చెట్టు కింద నీడ పెరిగింది అన్న అసలు ఊహ ఆ గొడవలో ఎవరికీ పట్టలేదు. నాకు ఇప్పటికీ బాధే.

పాత కావలి:
ఊహ బాగుందని ఆ రోజే రాశాను. కానీ నియమం నియమమే. అద్దంకి కొలువులో కూర్చుని రాసిన ఎఱ్ఱన నడిచిన సీమవాళ్ళం మనం. ఆయన పేరులోనే ఉంది ఱ. దాన్ని మనమే వదిలేస్తే ఇంకెవరు పట్టుకుంటారు?

గుండ్లకమ్మ గట్టు:
ఎఱ్ఱన మాటెత్తారు కాబట్టి చెబుతున్నా. భారతంలో నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషం ఎఱ్ఱన పూరించాడు. నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికే అంకితంగా పూర్తి చేశాడు. మన నేల మీద అంతకన్నా పెద్ద పూరణ లేదు. ముందువాడి గొంతు చెడకుండా తన మాట కలపడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఱకారం ఆ తర్వాత.

పాత కావలి:
ఆ మాటకు కాదనను. ర గురువే, ఒప్పుకుంటున్నా. "మధురమైన తలపు మదిని దూఱె" అని మారుస్తున్నాను.

మైపాడు అల:
గణం సరిపోయింది కానీ "మధురమైన తలపు" చప్పగా ఉంది మాస్టారూ. మొదటి పాదంలో బియ్యం ఉడికాయి, రెండో పాదంలో ఉప్పు లేదు. ఆ తలపు ఏమిటో చెప్పండి. ఇంట్లో ఎవరు వండేవారు? ఎవరు వడ్డించేవారు?

పాత కావలి:
మా మేనత్త. ఆలోచిస్తాను.

కనిగిరి కొండ:
మాది మెట్ట ప్రాంతం. పెన్నను ఆశగా చూసినవాళ్ళమే కానీ ఒడ్డున పెరిగినవాళ్ళం కాదు. మా తాత నెల్లూరులో చదువుకున్నాడు. పెద్దతనంలో ఒకసారి తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళాను.

కఱ్ఱ పట్టి నడచి కట్ట పైకిని జేరి
చిన్న నాటి చెలిమి జేరి పిలువ
నెనుబదేండ్ల యీత లీది రిద్దరు గూడి
యెండినట్టి పెన్న నిండి పాఱె

రంగనాయకులపేట గుడి వెనక మెట్ల మీద కూర్చున్నారు ఇద్దరూ. ఎదురుగా ఇసుక. ఎవరు ఏ గట్టు దాకా ఈదారో చీకటి పడేదాకా వాదించుకున్నారు.

కందుకూరి కోడలు:
"ఎనుబదేండ్ల యీత" ఎంత బాగుందో అబ్బయా! ఇసుక ముందు కూర్చుని ఈదారు. వాళ్ళు వాదించుకున్నారని పద్యంలో లేదు, ఉంటే ఇంకా బాగుండేది.

గుండ్లకమ్మ గట్టు:
"జేరి" రెండుసార్లు పడింది. ఒకటి తీసెయ్, పద్యం బిగుస్తుంది. ఇక నాది.

ఇసుక మీద గీసె నేటిని మనుమడు
చిట్టి చెంబు వంచి చెలమ నీరు
తాత కాళ్ళ చెంత ధారగా బోయంగ
నెండినట్టి పెన్న నిండి పాఱె

మైపాడు అల:
చప్పట్లు. ఇప్పటిదాకా అందరం పెన్నను మనసులోకి తీసుకెళ్ళాం. ఈయన ఏటిని ఇసుక మీదే ఉంచి, మూరెడు చేసి, నిజం నీళ్ళే పోయించాడు. అసంభవమన్న మాటే లేకుండా చేశాడు.

పాత కావలి:
"చిట్టి చెంబు" నుంచి "చెలమ"కు యతి తేనెలా జారింది, కాదనను. కానీ నిర్వాహకుల వారు తీర్పు చెప్పాలి. చెలమ నీరు ఎక్కడిది? ఎప్పుడో కురిసిన వానే ఇసుకలో ఇంకి అడుగున నిలిచింది. మొదటి షరతు తప్పింది.

గుండ్లకమ్మ గట్టు:
పద్యంలో వాన కురవలేదు కదా!

పినాకిని:
తీర్పు చెప్పేముందు చెలమ తీసిన అనుభవం ఉన్నవాళ్ళు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వేసవిలో పైన ఇసుక కాలు పెట్టనివ్వదు. చేత్తో తోడుతుంటే మోచేయి లోతుకు చల్లదనం తగులుతుంది. ఇంకాస్త తోడితే అడుగున బూడిద రంగు నీరు ఊరుతుంది. కొబ్బరి చిప్పతో ఆ తొలి నీళ్ళు పారబోస్తాం, రెండోసారీ పారబోస్తాం. తర్వాత వచ్చేది కళ్ళలా తేటగా ఉంటుంది. గట్లు కూలకుండా చుట్టూ తడి ఇసుక మెత్తడం మా నాయనమ్మ నేర్పింది.

ఆ నీరు వాన నీరే, నిజం. కానీ అది ఇప్పుడు కురిసింది కాదు. పైకి ఎండినట్టు కనబడే ఏరు తన అడుగున దాచుకున్న నీరు అది. కోడలక్క వాళ్ళమ్మ దగ్గర కుండ అలాగే దాగి ఉంది, కొండ వాళ్ళ తాత దగ్గర ఈత అలాగే దాగి ఉంది. ఆ రెండింటినీ ఒప్పుకున్నప్పుడు చెలమను కాదనలేను. షరతు తప్పలేదు. ఈ వారం మొదటి స్థానం గుండ్లకమ్మ గట్టు పూరణకు, దాని పక్కనే కందుకూరి కోడలు పూరణకు.

పాత కావలి:
ఒప్పుకుంటున్నాను. గట్టూ, నీ మామిడి చెట్టు పద్యం పూర్తిగా మళ్ళీ పంపించు. ఱకారం సంగతి పక్కన పెట్టి చదువుతాను.

గుండ్లకమ్మ గట్టు:
పంపిస్తాను అన్నా. ముందు మీ మేనత్త రెండో పాదంలోకి రావాలి.

పాత కావలి:
వచ్చింది. చూడండి.

ఉడుకు నన్నమందు నూరి వాసన దాక
మేనయత్త చేతి మెతుకు దలప
నేడు కనులు మూయ నెల్లూరు కనిపించె
నెండినట్టి పెన్న నిండి పాఱె

మైపాడు అల:
ఇప్పుడు ఉప్పు పడింది మాస్టారూ. "మేన" నుంచి "మెతుకు" దాకా యతి కూడా ఇంట్లో మాటలాగే ఉంది.

గుండ్లకమ్మ గట్టు:
"మేనత్త" కదా, "మేనయత్త" అన్నారేం?

పాత కావలి:
యడాగమం (మధ్యలో య చేర్చడం) చేశాను. మొదలుపెట్టకు మళ్ళీ.

పినాకిని:
ఆ చర్చ ఇక్కడే కొనసాగించండి, నేను అడ్డు రాను. వచ్చే వారం సమస్య ముందే ఇస్తున్నాను. ప్రాసయతి లేదు కాబట్టి ఱకారం గొడవ ఉండదు. షరతు ఒకటే: తాత బతికే ఉండాలి.

తాత మనుమరాలు తల్లి యయ్యె