మే చివర్లో అమ్మానాన్నలతో దక్షిణ స్పెయిన్: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

కూకట్‌పల్లి_రమ్య:
అందరికీ నమస్తే. మే 20 తర్వాత మాకు పది రోజులు సెలవు దొరుకుతోంది. మావారు, నేను, తొమ్మిదేళ్ల బాబు, మా అమ్మానాన్నలు కలిసి వెళ్దామనుకుంటున్నాం. నాన్నకు 68, అమ్మకు మోకాళ్ల నొప్పులు. మాడ్రిడ్‌లో దిగి కోర్దోబా, సెవిల్, రోండా, గ్రనాడా, మలగా చూడాలని అనుకున్నాం. అమ్మానాన్నలు గుడ్డు కూడా ముట్టరు. ఎండ, తిండి, ఈ రెండింటి గురించే నా టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

బెజవాడ_శ్రీను:
రమ్య గారూ, మేం జులైలో వెళ్లాం. సెవిల్‌లో ఒకరోజు 42 డిగ్రీలు. మనకు అలవాటైన ఎండే కదా అనుకున్నాం కానీ లెక్క వేరు. అక్కడి గడియారం సూర్యుడికంటే బాగా ముందుంటుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం రెండు దాటాకే. అందుకే మన దగ్గర ఐదింటికి ఎండ తగ్గుముఖం పడితే, అక్కడ అప్పుడే మంట. పైగా పొడి ఎండ, చెమట ఒంటి మీదే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు తెలియదు. రెండోరోజు మా నాన్నకు కళ్లు తిరిగి, హోటల్లో పడుకోబెట్టాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఎంత భయపడ్డామో చెప్పలేను.

ఆ తర్వాత ఊళ్లోవాళ్లు చేసినట్టే చేశాం. పొద్దున తొమ్మిదింటికల్లా బయటపడటం, రెండింటికి గదికి వచ్చి భోంచేసి పడుకోవడం, మళ్లీ ఏడు దాటాక తిరగడం. చిన్న దుకాణాలు కూడా రెండు నుంచి ఐదు దాకా మూసే ఉంటాయి. మే చివర్లో తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, టైమ్ చాలదనే బెంగ అక్కర్లేదు. జులైకంటే మే ఎంతో మేలు. అయినా ఏసీ లేని గది మాత్రం తీసుకోకండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు నింపుకుంటే చాలు.

డబ్లిన్_తెలుగమ్మాయి:
నేను రెండుసార్లు వెళ్లాను. విమానం టికెట్లు కొన్న వెంటనే చేయాల్సిన పని గ్రనాడాలో అల్‌హంబ్రా కోట టికెట్లు తీసుకోవడం. హోటల్ తర్వాత చూసుకోవచ్చు. మొదటిసారి నేను అక్కడే కొనుక్కోవచ్చనుకుని వెళ్లాను, ఒక్క టికెట్టూ లేదు. ఆ కోటలోనే స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ కట్టించిన రాజభవనంలోకి టికెట్ అక్కర్లేదు కాబట్టి, ఆ గుండ్రటి ముంగిలి చూసి వెనక్కి వచ్చాను. ఒకప్పుడు గ్రనాడాను ఏలిన నస్రీద్ సుల్తానుల మహళ్లు చూడకుండా గ్రనాడా నుంచి తిరిగి రావడం ఇప్పటికీ బాధే. 1492లో వాళ్ల చివరి సుల్తాన్ అప్పగించి వెళ్లిన కోట అది. రెండోసారి వెళ్లి ఆ గోడల మీది చెక్కడాలు చూశాక, అంతదూరం మళ్లీ రావడం వృథా కాలేదనిపించింది.

నస్రీద్ మహళ్లకు టికెట్ మీద టైమ్ వేసి ఉంటుంది, అది దాటితే లోపలికి పంపరు. టికెట్లు పేర్ల మీద ఉంటాయి, బాబుతో సహా అందరి పాస్‌పోర్టులూ దగ్గర పెట్టుకోండి. మొత్తం చూడటానికి మూడు గంటలకు పైనే నడక. పొద్దున మొదటి స్లాట్ తీసుకోండి.

ఇంకోటి, అల్బైసిన్‌లో బస చేయొద్దు. ఆ పాతపేట చాలా అందంగా ఉంటుంది కానీ అంతా గులకరాళ్లు పరిచిన ఏటవాలు సందులు, కారు ఇంటిదాకా రాదు. అమ్మగారి మోకాళ్లకు అది శిక్షే. కింద ఊళ్లో ఉండి, సాయంత్రం చిన్న బస్సెక్కి పైన సాన్ నికోలాస్ వ్యూపాయింట్ దగ్గరికి వెళ్తే సరిపోతుంది. ఎదురుగా అల్‌హంబ్రా, వెనక సియెర్రా నెవాడా కొండలు.

వైజాగ్_పద్మ:
తిండి సంగతి నేను చెప్తాను, మేం కూడా శుద్ధ శాకాహారులమే. ‘సిన్ కార్నే’ (మాంసం లేకుండా) అంటే చాలదు రమ్యా. పంది మాంసం ముక్కలను, ట్యూనా చేపను చాలామంది అక్కడ ఆ లెక్కలోకి తీసుకోరు. ‘సిన్ హామోన్, సిన్ అతున్, సిన్ ఉయెవో’ అని ఒక్కొక్కటీ చెప్పాలి. హామోన్ అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసం, అతున్ ట్యూనా, ఉయెవో గుడ్డు. కాగితం మీద రాసుకుని చూపించండి.

మేం ధైర్యంగా తిన్నవి: పాలకూర, శనగలు కలిపి వండే ‘ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్’. సెవిల్‌లో చాలాచోట్ల దొరుకుతుంది, జీలకర్ర వాసనకు మా అత్తగారి ప్రాణం లేచొచ్చింది. వేయించిన వంకాయ మీద చెరకు పాకం పోసి ఇస్తారు, అదీ బాగుంటుంది. టమాటాలతో చేసే చల్లటి సూప్ గాస్పాచో ఎండకు హాయి. అలాంటిదే ఇంకాస్త చిక్కగా ఉండే సాల్మొరెహో మాత్రం అడగకుండా తీసుకోకండి, దానిపైన గుడ్డు, మాంసం చల్లుతారు. రాత్రి రెస్టారెంట్లలో వంటశాలలు తెరిచేది ఎనిమిదిన్నర దాటాకే. మాత్రలు వేసుకునే పెద్దవాళ్లకు అది కష్టం. మేం వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకుని, సూపర్‌మార్కెట్లో బియ్యం, పెరుగు కొనుక్కునేవాళ్లం. ఊరగాయ ఇంటినుంచే.

సెవిల్ వీధుల నిండా నారింజ చెట్లుంటాయి, కాయలు కనబడితే బాబును కోయనివ్వకండి, నోట్లో పెట్టుకోలేనంత చేదు. స్పానిష్‌లోనూ వాటి పేరు ‘నరాంహా’. మన మాట అంతదూరంలో వినబడితే మా పిల్లలకు భలే సంతోషం.

మియాపూర్_కిరణ్:
వీసా గురించి క్లుప్తంగా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకవు, ఫిబ్రవరిలోనే చూసుకోండి. పెద్దలకు 90 యూరోలు, మీ బాబుకు 45. కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉండాలి. నాన్నగారి పాత జబ్బులు దాంట్లో కవర్ అవుతాయో లేదో చదివి తీసుకోండి. ఊళ్ల మధ్య కారు వద్దు. పాత పేటల్లో బయటి కార్లకు అనుమతి లేని వీధుల్లో కెమెరాలుంటాయి, జరిమానా తర్వాత వస్తుంది. మాడ్రిడ్ నుంచి సెవిల్ వెళ్లే హైస్పీడ్ రైలు దారిలోనే కోర్దోబా. అక్కడి నుంచి సెవిల్ ముప్పావు గంటే.

కూకట్‌పల్లి_రమ్య:
అందరికీ చాలా చాలా థాంక్స్. రోండా, మలగా రెండూ తీసేశాం. కోర్దోబా రెండు రాత్రులు, సెవిల్ నాలుగు, గ్రనాడా మూడు. అల్‌హంబ్రాకు పొద్దున ఎనిమిదిన్నర స్లాట్ ఐదుగురికీ దొరికింది, ఇప్పుడే కొన్నాను. పద్మక్కా, ఆ ఫ్లాట్ లిఫ్ట్ ఉన్నదేనా? అమ్మ కోసం అడుగుతున్నా.

వైజాగ్_పద్మ:
లిఫ్ట్ లేదమ్మా, మాది రెండో అంతస్తు. పాత ఇళ్లలో చాలావాటికి ఉండదు, బుక్ చేసేముందు ఓనర్‌ను అడుగు.