నిబ్బరమా, నిమ్మళమా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక మాట దగ్గర చిక్కుకున్నాను, విప్పండి.

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు ‘అగ్రెట్సుకో’ పెట్టింది. జపాన్ సాన్రియో వాళ్ళ కార్టూన్, 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది. ఆఫీసు కథ, పాత్రలన్నీ జంతువులు. ఎకౌంట్స్‌లో పనిచేసే ఎర్ర పాండా రెట్సుకో పగలంతా తల ఊపి, సాయంత్రం కారియోకీ గదిలో డెత్ మెటల్ అనే అరుపుల పాటలు పాడి కోపం కక్కేస్తుంది. అందులో కంపెనీ పెద్దాయన సెక్రటరీ వాషిమీ అనే పక్షి. పొడుగు కాళ్ళు, నిటారు మెడ, ఎవరు ఎగిరినా తొణకదు. “పెద్దమ్మా, ఈమె తీరుని తెలుగులో ఏమంటారు?” అంది పిల్ల. ప్రశాంతత అన్నాను. “అది యోగా సెంటర్ బోర్డు మీద మాట” అంది! రెట్సుకోకి వాషిమీ దగ్గరయ్యేది యోగా క్లాసులోనే అనుకోండి. అయినా పిల్లదే న్యాయం. మీరైతే ఏమంటారు?

నల్లగొండ తమ్ముడు: గంత ఆలోచన ఎందుకక్కా, ‘నిమ్మలం’. మా నాయనమ్మ “నిమ్మలంగ కూసోని తిను బిడ్డా” అంటది. మీ వాషిమీ నిమ్మలమైన మనిషి. అదే, పక్షి.

తణుకు పిన్నిగారు: ‘నింపాది’ అనండి. మా ఆయన రైలు కూతేశాక కూడా నింపాదిగా కాఫీ తాగుతారు.

నేను: పిన్నిగారూ, బాబాయిగారిది నింపాదే, కాదనను. కానీ అందులో జాగు ఉంది. వాషిమీ చకచకా నడిచే మనిషి.

తమ్ముడూ, నీ మాట దగ్గరే ఆగి చాలాసేపు ఆలోచించాను. జ్వరం నిమ్మళించింది అంటాం కదా. ముందు అలజడి ఉండాలి, అది దిగాక వచ్చేది నిమ్మళం. అలజడి నడుస్తుండగా నిలబడే గుణానికి వేరే మాట కావాలి.

పదేళ్ళ కిందట మాదాపూర్‌లో పనిచేసేదాన్ని. ఒకరోజు పెద్దసారు ఫైలు కనబడలేదని ఫ్లోరంతా దద్దరిల్లేలా అరుస్తున్నారు. ఫైలు ఆయన కారులోనే ఉంది. సెక్రటరీ మేడమ్ లేచింది, రిమోట్ తీసి ఏసీ రెండు డిగ్రీలు తగ్గించింది, డ్రైవర్‌కి ఫోన్ చేసి ఫైలు బల్ల మీదకు తెప్పించింది. “మీరే మర్చిపోయారు సార్” అనలేదు. గాజు కూడా చప్పుడు కాలేదు. కాసేపటికి వాష్‌రూమ్‌కి వెళ్తే, కుళాయి కింద మణికట్లు పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి కూడా తీయలేదు.

అందుకే నా ఓటు ‘నిబ్బరం’. సంస్కృతం ‘నిర్భరం’ నుంచి వచ్చిన తద్భవం. అక్కడ నిర్భరం అంటే నిండుగా ఉండటం. నిండు కుండ తొణకదనే సామెతంతా ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది చూడండి. హిందీ వాళ్ళు అదే నిర్భర్‌ని ‘ఆధారపడటం’ చేసుకున్నారు, ఆత్మనిర్భర్‌లో ఉన్నది అదే. మన దగ్గర మాత్రం కుండ ఎవరి చంకా ఎక్కకుండా నిలబడింది.

ఇంకో తమాషా. వాషిమీ జాతి పక్షి పేరే సెక్రటరీ బర్డ్. తల వెనక ఈకలు పాతకాలం గుమస్తాల చెవి మీద ఈక కలాల్లా ఉంటాయని ఆ పేరంటారు. మన బేగంబజార్ కొట్లలో చెవి మీద పెన్సిల్ లాగే. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో పాముల్ని తన్ని చంపుతుంది, ఆ తన్ను బలం దాని బరువుకి ఐదు రెట్లు!

రిటైరైన పేషీ సారు: సెక్రటరీ అన్న మాట వెనకే రహస్యం ఉందమ్మా, లాటిన్‌లో రహస్యాలు అప్పగించదగ్గవాడు. ఆ లెక్కన ‘గుంభనం’ కూడా పనికొస్తుంది. మనం కార్యదర్శి అని పని చూసేవాణ్ణి చేశాం. మా ‘పేషీ’ ఫారసీ మాట, పేష్ అంటే ఎదుట. నిజాం కొలువులో మహారాజా చందూలాల్ చేసిన పదవి పేష్కారు, అంటే ఎదుట ఉండి పని నడిపేవాడు. ఇక సచివుడంటే మంత్రి, కార్యదర్శులు కూర్చునేదేమో సచివాలయం. 2023లో హుస్సేన్ సాగర్ పక్కన కొత్తది తెరిచినప్పుడు కూడా ఈ లెక్క ఎవరూ సరిచేయలేదు.

నేను: గుంభనం లోపలున్నది దాస్తుంది సార్. మేడమ్ నా ముందు దాచలేదు.

తణుకు పిన్నిగారు: గుండె నిబ్బరం చేసుకో అని చావింట్లో అంటామే, ఆఫీసుకి ఆ మాటేంటమ్మా?

నేను: మా పెద్దసారుని మీరు చూడలేదు పిన్నిగారూ.

నల్లగొండ తమ్ముడు: సరే అక్కా, నిబ్బరమే. మరి మేడం కుళాయి బంద్ చేసి బయటికొచ్చినంక?

నేను: అప్పుడు నిమ్మళం. నీ మాట అక్కడ పెట్టుకుందాం.