ట్రాఫిక్‌లో వేడెక్కే అంబాసిడర్‌కు ఎలక్ట్రిక్ వాటర్ పంప్ పెట్టించొచ్చా?

పాత_అంబీ (మెహదీపట్నం):
అందరికీ నమస్తే. నాది అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఏసీ తర్వాత బిగించింది. ఔటర్ మీద 80లో పోతుంటే టెంపరేచర్ ముల్లు కదలదు. అదే సాయంత్రం టోలిచౌకి దాకా ఏసీ వేసుకుని పాకుతుంటే కాసేపటికే ఎర్ర గీత దగ్గరికి వస్తుంది, ఏసీ ఆపి ఆక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే కొంచెం దిగుతుంది. ఐడిల్‌లో పంప్ మెల్లగా తిరిగి నీళ్లు తోయట్లేదు, ఎలక్ట్రిక్‌ది పెడితే ఇంజిన్ స్పీడ్‌తో సంబంధం లేకుండా తోస్తుంది అని మెకానిక్ అంటున్నాడు. డేవిస్ క్రెయిగ్ వాళ్లవి నిమిషానికి 80 లీటర్లది, 115 లీటర్లది చూశాను. రోజూ ఆఫీసుకు, పిల్లల స్కూలుకు ఇదే బండి. రేస్ ట్రాక్ సంగతి వద్దు, రోడ్డు మీద నమ్మకంగా పనిచేస్తుందా లేదా చెప్పండి.

బీసిరీస్_భాయ్:
అన్నా, ఔటర్ మీద చల్లగా ఉండి ట్రాఫిక్‌లోనే వేడెక్కుతోందంటే ముందు గాలిని అనుమానించండి, నీళ్లను కాదు. వేగంగా పోతుంటే గాలి దానంతటదే రేడియేటర్‌లోకి వస్తుంది, ఆగినప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. పైగా ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉంది, ఎండాకాలంలో 42 డిగ్రీల గాలి దాన్ని దాటి ఇంకా వేడెక్కి రేడియేటర్‌కు చేరుతుంది. ఆక్సిలరేటర్ తొక్కితే దిగుతోందన్నారు కదా, ఈ ఇంజిన్‌లో ఫ్యాన్ పంప్ పుల్లీకే బోల్ట్ చేసి ఉంటుంది, తొక్కితే రెండూ కలిసి వేగంగా తిరుగుతాయి, అలాంటప్పుడు తప్పు పంప్‌దే అని ఎలా తేల్చాడు?

ఇంకో విషయం మీ మెకానిక్ చెప్పినట్టు లేదు. ఆ పంప్ పీకేస్తే ఫ్యాన్ కూడా పోతుంది, కాబట్టి ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఎలాగూ కొనాలి. ఆల్టర్నేటర్‌ను తిప్పేదీ అదే బెల్ట్, దానికి వేరే సైజు బెల్టో, ఊరికే తిరిగే పుల్లీయో చూసుకోవాలి. అంత చేసే బదులు పంప్ ఉండనిచ్చి ముందు ఫ్యాన్ పెట్టించండి, రేడియేటర్ మొత్తాన్ని కప్పి గాలిని ఫ్యాన్‌కు మళ్లించే తొడుగు, అదే ష్రౌడ్‌తో సహా. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ తన చుట్టూ ఉన్న వేడి గాలినే మళ్లీ లాగుతుంది.

ఈ రాత్రే ఒక పని చేయండి. ఇంజిన్ వైపు నుంచి రేడియేటర్ మీదికి టార్చ్ వేసి ముందు నుంచి ఎవరినైనా చూడమనండి. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఏళ్ల తరబడి దుమ్ము, పురుగులు, ఆకులు ఇరుక్కుంటాయి, బయటి నుంచి నీళ్లు కొడితే పోవు. వెలుగు అవతలికి రాకపోతే రేడియేటర్ దించి ఆ సందు, బయటి రెక్కలు శుభ్రం చేయించాల్సిందే. బోరు నీళ్లు పోస్తున్నట్లయితే ట్యూబుల్లో సున్నం కూడా పేరుకుని ఉండొచ్చు, దానికి రాడ్డింగ్ (ట్యూబుల్లోకి కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించండి.

ట్రాక్_రోడ్_రెండూ:
నా బండిలో ఎలక్ట్రిక్ పంప్ ఉంది, వేడిని బట్టి దాని వేగం మార్చే కంట్రోలర్‌తో. మంచి వస్తువే. ఇంజిన్ ఆపాక కూడా కాసేపు నీళ్లు తిప్పుతుంది, ఇంజిన్ పై భాగం, అదే హెడ్‌లో చిక్కుకున్న వేడి లాగేస్తుంది, బెల్ట్ పంప్ వల్ల అది కాదు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వని థర్మోస్టాట్ తీసేయాలి, ఆ పని కంట్రోలరే చేస్తుంది.

అయితే పెట్రోల్ మిగులుతుంది, పవర్ పెరుగుతుంది అంటే రోడ్డు మీద పెద్దగా నమ్మకండి. 115 లీటర్లది ఫుల్లుగా తిరిగితే 10 ఆంప్స్ లాగుతుంది, అంటే 130 వాట్ల పైన. ఆల్టర్నేటర్ తీసుకున్న శక్తిలో సగానికి కొంచెం పైగానే కరెంటుగా ఇస్తుంది కాబట్టి ఇంజిన్ మీద బరువు 200 వాట్లు దాటుతుంది. బెల్ట్ పంప్ బాగా శక్తి తినేది ఎక్కువ ఆర్‌పీఎంలో, ట్రాఫిక్‌లో ఆ పరిస్థితే రాదు. మీకైతే ఐడిల్‌లో హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, ఫ్యాన్, పంప్ అన్నీ కలిసి బ్యాటరీనే తింటాయి, ఆల్టర్నేటర్ ఎన్ని ఆంప్స్‌దో ముందు చూడండి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది వేరు. బెల్ట్ పంప్ పాడయ్యే ముందు సాధారణంగా కారుతుంది, బేరింగ్ అరుస్తుంది. ఎలక్ట్రిక్‌ది ఒక ఫ్యూజో, కరెంటు స్విచ్‌లా పనిచేసే రిలేనో పోతే చప్పుడు లేకుండా ఆగుతుంది. సెన్సర్ హోస్‌లో ఉంటే ఇంకా ప్రమాదం, నీళ్లు కదలకపోతే హెడ్ మరుగుతున్నా అక్కడ టెంపరేచర్ తక్కువే చూపించొచ్చు. సెన్సర్ హెడ్‌లోనే ఉండాలి, గట్టిగా మోగే బజర్ ఉండాలి. ఇవి లేకుండా పిల్లలు ఎక్కే బండికి బిగించొద్దు.

హైబ్రిడ్_డ్రైవర్:
మరి కంపెనీ కార్లలో వస్తున్నాయి కదా? బీఎండబ్ల్యూ ఎన్52 ఇంజిన్‌కు 2004లోనే ఇచ్చారు, 2009 ప్రియస్‌లో ఇంజిన్‌కు అసలు బెల్టే లేదు.

ట్రాక్_రోడ్_రెండూ:
నిజమే, కానీ అక్కడ పంప్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) చేతిలో ఉంటుంది, తేడా వస్తే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగించి పవర్ తగ్గించేస్తుంది. కార్బ్యురేటర్ అంబాసిడర్‌ను ఆపేది డ్రైవరే.

పాత_అంబీ:
టార్చ్ వేశాను. కింది సగంలో వెలుగు అసలు రావట్లేదు, ష్రౌడ్ కూడా లేదు, ఏసీ బిగించినప్పుడు తీసేసినట్టున్నారు. ఆదివారం రేడియేటర్ దించుతున్నాం. రాణీగంజ్‌లో 12 వోల్టుల ఫ్యాన్ చూస్తాను, కండెన్సర్ ముందు నుంచి తోసేది తీసుకోనా, ఇంజిన్ వైపు నుంచి లాగేది తీసుకోనా?

బీసిరీస్_భాయ్:
లాగేదే అన్నా, పంప్ పుల్లీ మీది పాత ఫ్యాన్ విప్పేస్తే చోటు సరిపోతుంది. ముందు కొలత తీసుకుని వెళ్లండి, వైర్‌కు రిలే తప్పనిసరి.