యాక్చుయేటర్‌కు వేరే పోర్టు కావాలా, ఉన్న పోర్టులో లాగిన్ చాలదా?

తొలకరి:
మా అప్లికేషన్ స్ప్రింగ్ బూట్ 3.4 (జావా ఫ్రేమ్‌వర్క్) మీద నడుస్తోంది. నడుస్తున్న అప్లికేషన్ లోపలి స్థితిని చూపే దాని భాగమే యాక్చుయేటర్. హెల్త్, మెట్రిక్స్, లాగర్స్, థ్రెడ్ డంప్ (ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపేది), హీప్ డంప్ (మెమరీ నకలు) ఎండ్‌పాయింట్లన్నీ, అంటే యాక్చుయేటర్ ఇచ్చే వెబ్ దారులన్నీ, అప్లికేషన్ నడిచే 8080 పోర్టులోనే తెరిచి, స్ప్రింగ్ సెక్యూరిటీతో లాగిన్ పెట్టాను. కోడ్ సమీక్షలో ఒక సీనియర్ ఒప్పుకోలేదు. యాక్చుయేటర్ మొత్తం 8081కి మారిస్తేనే విడుదల అన్నారు. లాగిన్ ఉన్నాక వేరే పోర్టు ఎందుకు?

కావలివాడు:
ఆయన చెప్పిందే సరి. నేను ఆపరేషన్స్‌లో పనిచేస్తాను. పాత ఉద్యోగంలో ఎవరో పరీక్ష కోసమని ఎక్స్‌పోజర్ జాబితాలో, అంటే ఏ ఎండ్‌పాయింట్లు తెరవాలో చెప్పే జాబితాలో, అన్నీ అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టి, తీయడం మరిచిపోయారు. లాగిన్ ఉంది కదా అనుకున్నాం. కొన్నాళ్లు ఉంది కూడా. తరువాత ఇంకొకరు సొంత సెక్యూరిటీ ఫిల్టర్ చెయిన్ (ఏ అభ్యర్థనకు లాగిన్ కావాలో చెప్పే నియమాలు) రాశారు. అది రాసిన మరుక్షణం స్ప్రింగ్ బూట్ తనంతట తాను వేసే తాళం తప్పుకుంటుంది. బయటివారెవరో హీప్ డంప్ దించుకున్నారు. ఎన్విరాన్‌మెంట్ ఎండ్‌పాయింట్ చూపే సెట్టింగుల విలువలను స్ప్రింగ్ బూట్ 3.0 నుంచి డిఫాల్టుగా దాచి చూపిస్తున్నారు. హీప్ డంప్‌లో దాపరికం ఏమీ లేదు. డేటాబేస్ పాస్‌వర్డు, సెషన్ టోకెన్లు, వినియోగదారుల వివరాలు మెమరీలో ఎలా ఉంటే అలాగే బయటికి వస్తాయి. ఆ రాత్రి తెల్లవార్లూ పాస్‌వర్డులు మారుస్తూ కూర్చున్నాం.

నడిరేయి:
మీ కథలో తప్పు ఫిల్టర్ చెయిన్‌ది. పోర్టు సంఖ్య తాళం కాదు. 8081ని వెతికి పట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఇక నా అనుభవం వినండి. మేము మీరు చెప్పినట్టే వేరే పోర్టు పెట్టాం. ఒక రోజు బయటి సర్వీసు ఒకటి జవాబివ్వడం మానేసింది. మా కాల్స్‌కు టైమౌట్ లేదు. 8080లో టామ్‌క్యాట్ (అభ్యర్థనలు అందుకునే వెబ్ సర్వర్) థ్రెడ్‌లు 200, అంటే డిఫాల్టుగా ఉన్నవన్నీ, అక్కడే ఇరుక్కుపోయాయి. 8081లో హెల్త్ మాత్రం అంతా బాగుందనే చెబుతూ వచ్చింది, ఎందుకంటే దాని థ్రెడ్‌లు వేరు. లోడ్ బ్యాలెన్సర్ ఆ మాట నమ్మి వినియోగదారులను చచ్చిన అప్లికేషన్ మీదికే పంపింది. తిట్లు తిన్నది మేము, పోర్టు మార్చమన్నవారు కాదు.

పాతచింత:
టైమౌట్ పెట్టకపోవడం మీ తప్పే కదా?

నడిరేయి:
నా తప్పే. నా తప్పును పట్టుకోవడానికే హెల్త్ చెక్ పెట్టుకుంటాం.

కావలివాడు:
దానికి మందు ఉంది. హెల్త్ ప్రోబ్‌లకు (అప్లికేషన్ బతికి ఉందా, పనికి సిద్ధంగా ఉందా అని అడిగే తనిఖీలకు) అదనపు దారులు ఇచ్చే సెట్టింగు ఆన్ చేస్తే లైవ్‌జెడ్, రెడీజెడ్ అన్న రెండు దారులు 8080లోనే తెరుచుకుంటాయి. మిగతావి 8081లో ఉంటాయి. ఈ ఇబ్బంది స్ప్రింగ్ బూట్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. ఇక తాళం మాట. యాక్చుయేటర్‌ను 127.0.0.1కి, అంటే ఆ యంత్రం నుంచే చేరగల అడ్రసుకు, లేదా లోపలి నెట్‌వర్క్ అడ్రసుకు మాత్రమే కట్టేయాలంటే ముందు దాని పోర్టు వేరుగా ఉండాలి. ఒకే పోర్టులో ఉంచి అడ్రసు మార్చడం కుదరదు. బయటినుంచి చేరుకోలేని తలుపును ఎంత వెతికితే మాత్రం ఏం లాభం?

పాతచింత:
ప్రోబ్‌ల మాట వచ్చింది కాబట్టి, లైవ్‌నెస్‌లో (బతికి ఉందా అన్న ప్రోబ్‌లో) డేటాబేస్ తనిఖీ చేర్చకండి. డేటాబేస్ ఒక్క నిమిషం పడుకుంటే కంటైనర్లన్నీ ఒకేసారి రీస్టార్ట్ అవుతాయి. చేర్చాలనుకుంటే రెడీనెస్‌లో, అదీ బాగా ఆలోచించి.

చిరుగాలి:
షట్‌డౌన్ ఎండ్‌పాయింట్ గురించి ఎవరూ మాట్లాడరేమి?

పాతచింత:
అది డిఫాల్టుగా మూసే ఉంటుంది. మీరు తెరిస్తే తప్ప భయం లేదు.

నడిరేయి:
127.0.0.1కి కట్టేస్తే నేను థ్రెడ్ డంప్ ఎలా తీసుకోవాలి? ఆ సర్వర్‌లోకి నాకు అనుమతి లేదు. టికెట్ పెట్టాలి, ఎవరో ఒకరు నిద్ర లేవాలి. లేచేసరికి ఎవరో రీస్టార్ట్ చేసేస్తారు, సాక్ష్యం పోతుంది. మూడుసార్లు ఇలాగే జరిగింది. మూడుసార్లూ కారణం తెలియదని నివేదికలో నేనే సంతకం పెట్టాను.

కావలివాడు:
అడిగితే ఇస్తాం కదా.

నడిరేయి:
అడగడం ఎందుకు? కోడ్ రాసింది నేను. భద్రత పేరు చెప్పి మీరు కట్టేది మాకు అడ్డుగోడ. పోర్టు వంక మాత్రమే.

కావలివాడు:
వంక కాదు. సూటిగానే చెబుతున్నాను, మీ చేతికి అందకూడదనే నా ఉద్దేశం. లాగర్స్ ఎండ్‌పాయింట్ చూడటానికే కాదు, దానికి పోస్ట్ అభ్యర్థన పంపితే నడుస్తున్న అప్లికేషన్ లాగ్ స్థాయి మారిపోతుంది. ఒక డెవలపర్ రూట్ లాగర్‌ను డీబగ్‌కు, అంటే ప్రతి చిన్న విషయమూ లాగ్‌లో రాసే స్థాయికి, మార్చి ఇంటికి వెళ్లిపోయారు. తెల్లవారేసరికి డిస్కు నిండింది. ఎవరు మార్చారో ఎక్కడా నమోదు కాలేదు, ఎందుకంటే అందరిదీ ఒకటే లాగిన్. సంజాయిషీ రాసింది నేను.

చిరుగాలి:
అయితే మీ ఇద్దరి గొడవ పోర్టు గురించి కాదు.

నడిరేయి:
కాదు. నడుస్తున్న అప్లికేషన్‌ను ముట్టుకునే హక్కు ఎవరిదన్నదే గొడవ. ఎవరి లాగిన్ వారికి ఇవ్వండి, ఏం చేశామో నమోదు చేయండి, నాకు అభ్యంతరం లేదు. ఇవ్వకుండా మూసేయడాన్నే ఒప్పుకోను.

కావలివాడు:
థ్రెడ్ డంప్, మెట్రిక్స్ చదవడానికి లాగిన్ ఇవ్వడానికి నేను సిద్ధం. హీప్ డంప్ ఇవ్వను. అందులో ఉన్నది మీ కోడ్ ఒక్కటే కాదు, వినియోగదారుల వివరాలు కూడా. 3.5లో స్ప్రింగ్ బూట్ కూడా దానికి డిఫాల్టుగా అనుమతి తీసేసింది.

నడిరేయి:
మెమరీ లీక్ వచ్చిన రాత్రి హీప్ డంప్ లేకుండా నన్ను ఏం చేయమంటారు?

కావలివాడు:
నన్ను లేపండి. ఇద్దరం కలిసే తీద్దాం.

నడిరేయి:
మీరు ఆ రాత్రి డ్యూటీలో లేకపోతే?

తొలకరి:
నేను అడిగింది చిన్న ప్రశ్న అనుకున్నాను. 8081కి మారుస్తున్నాను, దాన్ని లోపలి అడ్రసుకే కడుతున్నాను, అక్కడ కూడా లాగిన్ ఉంచుతున్నాను. లైవ్‌జెడ్, రెడీజెడ్ 8080లో ఉంటాయి. నక్షత్రం తీసేసి, కావలసిన పేర్లు ఒక్కొక్కటే రాశాను. హీప్ డంప్, లాగర్స్ పేర్లు ఇంకా రాయలేదు. వాటి లాగిన్ ఎవరెవరికి ఇవ్వాలో సమీక్షించిన సీనియర్‌నూ మా బృందాన్నీ ఒకేచోట కూర్చోబెట్టి అడుగుతాను.

నడిరేయి:
రాత్రి డ్యూటీ ఎవరిదో కూడా అప్పుడే అడగండి.