కన్యాశుల్కంలో శిష్యుడికి ఆడపిల్ల వేషం: పరికిణీ ఎలా కుట్టమంటారు?

కంటోన్మెంట్ టైలరమ్మ:
నమస్కారమండీ. మాది విజయనగరం, ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. మా వీధి పిల్లలు గురజాడవారి కన్యాశుల్కం నాటకం వేస్తూ బట్టల పని నామీద పెట్టారు. గిరీశం, అగ్నిహోత్రావధాన్లతో బెంగ లేదు. కరటకశాస్త్రి శిష్యుడి దగ్గరే ఆగిపోయాను. వేసేది ఇంటరు కుర్రాడు, పొడుగరి, భుజాలు వెడల్పు. ముసలి పెళ్ళికొడుకు లుబ్ధావధాన్లు అతన్ని పెళ్ళికూతురని నమ్మాలి, చూసేవాళ్ళకి మాత్రం మగపిల్లాడని గుర్తుండాలి. అద్దెకి తెచ్చిన జరీ పరికిణీ కట్టాం. బొందు బిగిస్తే ఊపిరాడట్లేదన్నాడు, వదులు చేస్తే నాలుగడుగులకే జారిపోయింది. పాపం సిగ్గుతో మళ్ళీ రానన్నాడు, బతిమాలి తెచ్చాం. సినిమా చూసి రంగులు పడదామంటే అది 1955 నాటిది, నలుపు తెలుపు. ఇంకా పదిహేను రోజులే ఉంది, ఒకటే టెన్షన్.

పాత రంగస్థలం:
అమ్మా, ముప్పై ఏళ్ళు నాటకాలకి వేషాలు కట్టినవాణ్ణి. ముందు ఆ జరీ తీసెయ్. 1892లో మన ఊళ్ళోనే ఈ నాటకం తొలిసారి ఆడారు. ఆ రోజుల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. వేశ్య మధురవాణి వేషం కట్టిందీ మగాడే, ఆడపిల్లగా వచ్చే శిష్యుడూ మగాడే. ఆ తేడా కట్టులోనే తెలియాలి. ఇప్పటికీ అంతే.

బొందు వద్దు. నాలుగు వేళ్ళ వెడల్పున కాన్వాసు పట్టీ వేసి, వెనకాల రెండు వరసల హుక్కులు కుట్టు. జాకెట్టు లోపల భుజాల మీదుగా రెండు పట్టీలు తెచ్చి ఆ నడుముకి కలుపు. బరువు భుజాలు మోస్తాయి, పొట్ట కాదు. జాకెట్టుకి బుట్టచేతులు పెట్టకు, భుజాలు ఇంకా పెద్దవౌతాయి. భుజం కుట్టు అరంగుళం మెడవైపు జరుపు. చంక కింద చిన్న నలుపలక ముక్క వేస్తే చెయ్యెత్తినా చిరగదు. అంచు మాత్రం చీలమండకి బెత్తెడు పైన ఆపు. లుబ్ధావధాన్లు మొహం చూస్తాడు, జనం కాళ్ళు చూస్తారు. మగపిల్లాడి నడక అక్కడ దొరికిపోతుంది.

పొందూరు కోడలు:
అక్కా, బట్ట గురించి నా మాట. మా పొందూరు సన్నఖద్దరు మాత్రం వాడకండి. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి, వంద కౌంటు దాకా, అంటే బాగా సన్నగా వడికే నూలది. ఆ పల్చదనం వకీలు సౌజన్యారావు పంతులు ఉత్తరీయానికి బాగుంటుంది. శిష్యుడికి ముతక నేతబట్టే సరి, కుచ్చిళ్ళు నిలబడతాయి. లుబ్ధావధాన్ల వితంతు కూతురు మీనాక్షికి కొత్త తెల్లచీర కడితే లైట్లలో కళ్ళకి కొడుతుంది. పల్చటి టీ డికాక్షన్లో ముంచి, నీడన ఆరెయ్యండి. ముందు ఒక మూల ముంచి చూసుకోండి, ఆరాక రంగు తగ్గుతుంది.

కంటోన్మెంట్ టైలరమ్మ:
బాబాయిగారూ, చెల్లీ, నిన్న రిహార్సల్లో కట్టించాను. మా అమ్మ పాత నేతచీర, పసుపుపచ్చ, అరిటాకు రంగు అంచు. అబ్బాయి వంగాడు, గెంతాడు, చతికిలబడి లేచాడు, హుక్కు కదల్లేదు. తలుపు దగ్గర ఆ మగపిల్లాడి అడుగులు పడగానే వెనకాల కూర్చున్న పిల్లలు పకపకా నవ్వారు. వాడి మొహం వెలిగిపోయింది. మళ్ళీ ఓ సందేహం. చివర్లో మధురవాణి మగవేషంలో వస్తుంది కదా, జడ ఎక్కడ దాచను?

పాత రంగస్థలం:
జడ వద్దు తల్లీ, నడినెత్తిన ముడి వెయ్యి. గుడ్డ టోపీ మీద తలపాగా చుట్టి, మడత మడతకీ టాకా వేసి ఉంచు. ఒక్క చేత్తో పెట్టుకోవచ్చు, ఒక్క చేత్తో తియ్యొచ్చు.