బృహద్ధమని ఆపరేషన్‌లో వెన్నుపాముకు రక్తం అందుతోందని వీపు మీది సెన్సర్ చెప్పగలదా?

ప్రశ్న:
మా నాన్నగారికి ఛాతీ నుంచి పొట్ట దాకా బృహద్ధమని ఉబ్బిందని, ఆ భాగంలో కృత్రిమ గొట్టం అమర్చాలని సర్జన్ గారు చెప్పారు. ఆపరేషన్‌లో వెన్నుపాముకు రక్తం తగ్గితే రెండు కాళ్లూ పడిపోయే ప్రమాదం ఉందని, అందుకే నడుము దగ్గర సన్నని గొట్టం వేసి వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం తీస్తామని, వీపు మీద సెన్సర్లు అతికిస్తామని వివరించారు. చర్మం మీది సెన్సర్‌కు ఎముకల లోపలున్న వెన్నుపాము సంగతి ఎలా తెలుస్తుంది?

జవాబు (మత్తు వైద్యుడు):
మీ అనుమానం సరైనదేనండి. ఆ సెన్సర్ వెన్నుపామును చూడదు. వెన్నెముకకు ఇరుపక్కలా ఉన్న కండరాలలోకి పరారుణ కాంతిని పంపి, తిరిగి వచ్చిన కాంతిని బట్టి అక్కడి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో లెక్కకడుతుంది. బృహద్ధమని నుంచి పక్కటెముకల వెంట, నడుము వెంట బయలుదేరే చిన్న ధమనులు ఆ కండరాలకూ వెన్నుపాముకూ కూడా కొమ్మలు ఇస్తాయి, ఆ కొమ్మలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఒకప్పుడు అందరి దృష్టీ ఎక్కువగా ఎడమవైపు నుంచి వచ్చే, వెన్నుపాము కింది భాగానికి రక్తం ఇచ్చే ఆడమ్‌కీవిచ్ ధమని మీదే ఉండేది. ఆ కొమ్మల మొత్తం అల్లికను గమనించాలన్న ఆలోచన బలపడ్డాక, జర్మనీలోని లైప్‌జిగ్‌లో క్రిస్టియన్ ఎట్జ్ బృందం కండరాల ద్వారా ఆ అల్లికను చదివే ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది. బృహద్ధమనికి క్లాంపు పెట్టగానే నడుము దగ్గరి అంకె పడిపోవడం, కింది భాగానికి పంపుతో రక్తం ఇవ్వగానే అది కోలుకోవడం తెర మీద కనిపిస్తాయి. అయితే ఫలానా అంకె దాటితే ప్రమాదమని అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. వీపున కొవ్వు మందంగా ఉన్నవారిలో కాంతి కండరం దాకా సరిగా చేరదు కూడా.

జవాబు (నాడీ పర్యవేక్షణ టెక్నాలజిస్టు):
వెన్నుపామునే నేరుగా పలకరించాలంటే ఎంఈపీ (మోటార్ ఎవోక్డ్ పొటెన్షియల్) అనే పరీక్ష కావాలి. తలపై విద్యుత్ ప్రేరణ ఇచ్చి, కాళ్ల కండరాలు స్పందిస్తున్నాయో లేదో చూస్తాం. సూదులు చర్మంలోకి గుచ్చుతాం కనుక దీన్ని పూర్తిగా బయటి పరీక్ష అనలేం. దవడ బిగుసుకుని నాలుక తెగకుండా పళ్ల మధ్య మెత్తటి గుడ్డ చుట్ట పెడతాం. ఒక్క కాలిలోనే స్పందన పోతే ముందు ఆ తొడలో పెట్టిన పంపు గొట్టం వల్ల కాలికి రక్తం తగ్గిందేమో చూస్తాం. చేతిలో కూడా పోతే మత్తు మోతాదునో శరీర ఉష్ణోగ్రతనో అనుమానిస్తాం. రెండు కాళ్లలో పోయి చేతిలో నిలిచి ఉంటేనే, వెన్నుపాముకు రక్తం తగ్గిందేమోనని మా గుండె దడదడలాడుతుంది.

మళ్లీ మత్తు వైద్యుడు:
ఒక మాట కలుపుతాను. కాళ్లు పడిపోవడం కొందరిలో ఆపరేషన్ అయిన గంటలకో రోజులకో కూడా జరుగుతుంది. మెలకువ వచ్చిన రోగికి ఎంఈపీ చేయడం కష్టం, వీపు సెన్సర్‌ను మాత్రం ఐసీయూలో కొనసాగించవచ్చు. వెన్నుపాముకు రక్తాన్ని నెట్టే ఒత్తిడి అంటే సగటు బీపీలోంచి ద్రవం ఒత్తిడి తీసేస్తే మిగిలేది: సగటు బీపీ 65, ద్రవం ఒత్తిడి 15 ఉంటే మిగిలేది 50 మాత్రమే. 90, 10 ఉంటే 80 మిగులుతుంది. ద్రవం తీసే గొట్టం పని ఇదే, కానీ తొందరపడి ఎక్కువ తీస్తే తలలో రక్తస్రావం కావచ్చు. మీ సర్జన్ గారిని సెన్సర్ కంపెనీ గురించి అడగనక్కర్లేదు. ఎంఈపీని చూడడానికే ఒక మనిషి ఆసాంతం థియేటర్‌లో ఉంటారా, రాత్రిపూట ఐసీయూలో గంటగంటకూ కాళ్లు ఎత్తించి చూసేది ఎవరు, అని అడగండి.